కల్లు కాడుండాను

బండి పెట్రోలు ట్యాపు తెరిచి ఉంది. నాకు మొదట కనిపించింది అదే. ఒళ్లు మండింది కూడా అక్కడే.

ఈత చెట్ల కింద, కల్లంగడి పాకకు ఆనించి పెట్టిన ఆ పాత మోటారు సైకిలు చుట్టూ పోలీసులు నిన్నంతా తిరిగారు. ఫొటోలు తీశారు, నంబరు రాసుకున్నారు, నలుగురిని నిలబెట్టి అడిగారు. కింద ఇసుకలో పెట్రోలు కారి కారి మచ్చ కట్టి ఉంటే ఒక్కరూ వంగి చూడలేదు. అరవై దాటిన దాన్ని, మోకాళ్లు పట్టేసిన దాన్ని, నేను వంగి చూశాను.

"సునీల్‌కుమార్, ఈ ట్యాపు మీవాళ్లెవరైనా తిప్పినారా?"

ఎస్సై సునీల్‌కుమార్ పాక నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నన్ను చూసినప్పటి నుంచీ అతనికి పంటి కింద రాయి పడినట్టే ఉంది. "ఎవురూ ముట్టలేదు మేడమ్. ఆడ ముట్టేదానికి ఏముండాది?"

"పెంచలయ్య బండి ఆపితే మొదట ట్యాపు కట్టేస్తాడంట. పాత బండి, కట్టకపోతే కారిపోతాది. కూతురు చెప్పింది. ఈ బండి ఈడికి తెచ్చినోడికి ఆ సంగతి తెలీదు."

"తాగినోడికి ట్యాపు గుర్తుంటాదా మేడమ్?"

అదీ అతని వాదన. పెంచలయ్య తాగాడు, తూలుకుంటూ పోయాడు, వాగులోనో బావిలోనో పడ్డాడు. నాలుగు రోజులు ఆగితే శవం తేలుతుంది, ఫైలు మూసేయొచ్చు. నేను పాకాల జంక్షన్‌లో రైల్వే పోలీసుగా పనిచేసి రిటైరైన దాన్ని. ఫైలు మూసే తొందర ఎట్లా ఉంటుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇప్పుడు తిరుపతిలో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని, తప్పిపోయినవాళ్లను వెతికే పని చేస్తున్నాను. బోర్డు మీద 'నాగరత్నమ్మ, డిటెక్టివ్' అని ఉంటుంది. సునీల్‌కుమార్‌కు ఆ బోర్డు గుర్తొచ్చినప్పుడల్లా నవ్వు.

పెంచలయ్య ఆర్టీసీలో కండక్టరు. చిత్తూరు చుట్టుపక్కల పల్లె రూట్లలో బతుకంతా టికెట్లు కొట్టాడు. ఆ బస్సు కిటికీలోంచి రోజూ కొన్ని రాళ్లు కనిపించేవట. కత్తి ఎత్తిన మనిషి బొమ్మ చెక్కిన రాళ్లు. చేను గట్ల మీద, చింత తోపుల్లో, మేకల దొడ్ల పక్కన వాలిపోయి, సగం పూడిపోయి ఉండేవి. రిటైరయ్యాక ఒక్కొక్క దాని దగ్గరికీ బండి వేసుకుని పోయాడు. కడిగి నిలబెట్టాడు. పక్కన సొంతంగా రేకు బోర్డు ఒకటి నాటాడు. ఆ పనికి ఎవరూ చెప్పలేదు, ఎవరూ జీతమివ్వలేదు.

ఆయన తప్పిపోయిన మర్నాడు మధ్యాహ్నమే కూతురు లోహిత ఏడుస్తూ నా గదికి వచ్చింది. అప్పటి నుంచి ఆ బోర్డుల జాడ పట్టుకునే నేను పల్లెలు తిరిగాను. పాకాల వైపు ఒకటి. కాణిపాకం దాటి చెరుకు తోటల్లో రెండు. గుడిపాల దారిలో ఇంకొకటి. అన్నింటి మీదా ఒకే చేతిరాత, నల్ల పెయింటు.

'ఈ రాతిలో ఉన్న మనిషి పేరు తెలియదు. ఊరి ఆవులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం పోయినాడు. ఇంటికి తిరిగి రాలేదు. దయచేసి జరపకండి.'

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. పట్టాల మీద చూడకూడనివి ఎన్నో చూశాను, మర్నాడు అన్నం తిన్నాను. కానీ ఆ బోర్డులు చదివే కొద్దీ నాకు భయం పట్టుకుంది. ప్రతి చోటా ఇప్పుడే ఒక మనిషి లేచి అవతలికి పోయినట్టే ఉండేది. 'ఇంటికి తిరిగి రాలేదు' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి అది పెంచలయ్య తన గురించి తానే రాసుకున్నట్టు అనిపించి, చదవడం మానేసి చూపు తిప్పుకునేదాన్ని.

"మునెయ్యా, ఇట్లా రా," అని అంగడి ఆయన్ని పిలిచాను.

మునెయ్య వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిన్న పోలీసులు గట్టిగానే అడిగినట్టున్నారు, చూపు నేల మీదే ఉంది.

"పెంచలయ్య నీ కాడ ఎప్పుడైనా తాగినాడా?"

"లేదమ్మా. ఆయప్ప తెలుసు నాకు. బస్సులో చిల్లర కచ్చితంగా ఇస్తా ఉన్నింది ఆయప్పే. ఈ పక్క ఎప్పుడూ రాలేదు."

"ఈ బండి ఎప్పుడు చూసినావు?"

"బుధవారం పొద్దున అంగడి తీసేతలికి ఈడ ఉండాది."

"మంగళవారం?"

"మంగళవారం పొద్దుగూకే దాకా నేను ఈడ్నే ఉంటిని. బండీ లేదు, మనిషీ లేడు."

సునీల్‌కుమార్ కుర్చీలోంచి లేచాడు. "వీడి మాట వింటారా మేడమ్? వీడికి లైసెన్సు లేదు. మనిషి ఈడ తాగి సచ్చినాడంటే అంగడి ఎత్తేస్తామని వీడి బయం. ఆ పెంచలయ్య సోమవారం సాయంకాలం కూతురికి ఫోన్ చేసి ఏమన్నాడు? 'కల్లు కాడుండానమ్మా, ఈడ్నే కొంచేపు ఉండి వస్తా' అన్నాడు. సొంత నోటితో అన్నాడు. ఇంకేం కావాల మీకు?"

లోహిత ఆ ఫోన్ సంగతి నాకు చెప్పినప్పుడు తల ఎత్తలేదు. ఆ పిల్లకు తండ్రి ఎప్పుడూ తాగినట్టు తెలియదు. అమ్మ చిన్నప్పుడే పోయింది. తిరుపతిలో హాస్టల్లో ఉంచి చదివించి, గూడూరులో నిమ్మకాయల వ్యాపారం వాళ్లింటికి ఇచ్చి పెళ్లి చేశాడు తండ్రి. 'మా నాయన నాకు తెలియకుండా తాగతా ఉన్నాడా మేడమ్' అని అడిగినప్పుడు, ఆయన తప్పిపోయినందుకంటే ఆ సంగతికే ఎక్కువ ఏడ్చింది. ఆమెకు నాయన కావాలి. దొరకకపోతే, కనీసం తనకు తెలిసిన నాయనే పోయాడని ఎవరైనా చెప్పాలి. నన్ను పెట్టుకున్నది అందుకు.

ఆమెకు ఫోన్ చేశాను. చిత్తూరులో తండ్రి ఇంట్లోనే ఉంది.

"లోహితా, ఆ కల్లు మాట నువ్వు పోలీసులకు ఎప్పుడు చెప్పినావు?"

"బుధవారం మధ్యాన్నం మేడమ్. బండి కల్లంగడి కాడ దొరికిందని వాళ్లు ఫోన్ చేసినాక. అంతకు ముందు చెప్పలేదు. సిగ్గేసింది."

"మీ పక్కింటివాళ్లకు, సుట్టాలకు?"

"ఎవురికీ చెప్పలేదు. మీకు కాకుంటే మా ఆయనకు ఒక్కరికే, సోమవారం రాత్రే చెప్పినాను. ఆయనతో చెప్పకుండా ఎట్లుంటాను? గూడూరు నుంచి వచ్చి ఈడ్నే ఉండాడు పాపం, దేవులాడతానే ఉండాడు."

సరేనని పెట్టేశాను. బండి చక్రాల దగ్గర మళ్లీ కూర్చున్నాను. ఈ తోపులో అంతా వాగు ఇసుక. టైర్ల గాడుల్లో మాత్రం తెల్లటి పొడి గట్టిపడి ఉంది. గోటితో గీకి చూశాను. రాతిపొడి. క్వారీల దగ్గర లారీలు తిరిగే దారుల్లో ఉంటుందే, అది.

"సునీల్‌కుమార్, ఇది సూడు."

"మేడమ్," అన్నాడు అతను, గొంతు తగ్గించి. అతనికి నిజంగానే విసుగు వచ్చేసింది. "ఈ జిల్లాలో యాడ సూసినా క్వారీనే. మీరు పెద్దోళ్లు. రిటైరైనారు. గుడికి పోయి రండి, కాణిపాకం దగ్గిరే. ఆ పిల్లకి లేనిపోని ఆశ పెట్టొద్దు."

"నీకు ఆ పిల్ల మీద అంత జాలి ఉంటే నిన్ననే ఈ పక్క రెండు గుట్టలు ఎక్కి సూసింటావు. కుర్చీ వేయించుకుని కూర్చుంటే శవమే నడుచుకుంటా వస్తాదనుకుంటివా?"

అతని మొహం ఎర్రబడింది. ఇంకో మాట అనేవాడే. అంతలో ఒకామె వచ్చింది. చేతిలో ఖాళీ ముంత, భుజాన తువ్వాలు, కాళ్లకు దుమ్ము. మేకలు మేపుకునే చెంగమ్మ అని మునెయ్య చెప్పాడు. మమ్మల్ని చూసి పక్కకు జరిగి, ముంత మునెయ్య చేతికిచ్చింది.

"నిండా పొయ్యి అబ్బోడా. కల్లుకు కల్లు పొయ్యాల."

మునెయ్య ముంత పట్టుకుని లోపలికి పోయాడు. అతనికి ఆ మాటలో వింత ఏమీ కనిపించలేదు. సునీల్‌కుమార్‌కు నవ్వొచ్చింది.

"సూడండి మేడమ్, ఈడ కల్లు కూడా కల్లు తాగతాది."

నాకు నవ్వు రాలేదు. "ఏమన్నావు చెంగమ్మా? మళ్లీ చెప్పు."

ఆమె బెదిరింది. "తప్పేమన్నానమ్మా? మా కల్లుకు పొయ్యాల. మూడు దినాలుగా మాట్లాడతా ఉండాది. కోపం మీదుండాది. మొన్న టెంకాయ కొట్టినాము, నిన్న పాలు పోసినాము, తగ్గలేదు. మా అత్త కల్లు పొయ్యమనింది."

"మీ ఇండ్లలో ఏం మాట్లాడతారు?"

"అరవం."

మా అవ్వది తమిళనాడులో కాట్పాడి. అరవంలో రాయిని కల్లే అంటారు. రాయి పడి వేలు చితికితే అవ్వ 'కల్లు పడింది' అనేది. సరిహద్దు పల్లెల్లో తెలుగు మాట్లాడేటప్పుడు కూడా ఆ మాట అట్లానే వచ్చేస్తుంది. పెంచలయ్య పుట్టింది గుడిపాల పక్కన. కూతురితో ఎప్పుడూ రాయి అనేవాడు, శాసనం అనేవాడు. సోమవారమంతా ఈ సరిహద్దు పల్లెల్లో తిరిగి ఉంటాడు, వాళ్లతో వాళ్ల మాటే మాట్లాడి ఉంటాడు, ఆ నోటితోనే కూతురికి ఫోన్ చేశాడు. కల్లు కాడుండాను. రాయి దగ్గర ఉన్నాను. అంతే ఆయన అన్నది. తిరుపతిలో పెరిగిన పిల్ల దాన్ని వేరే విధంగా విన్నది.

"ఆయన తాగలేదు సునీల్‌కుమార్," అన్నాను. "రాయి కాడున్నాడు."

కుప్పం వైపు మనిషి, అరవం అతనికీ వచ్చు. తట్టకపోవడం ఒక్కటే అతని తప్పు, ఆ తప్పు నాదీ.

"సరే, ఆ కల్లు ఏం మాట్లాడతాది చెంగమ్మా?" అని అడిగాడు, ఇంకా వెక్కిరింత గొంతుతోనే.

చెంగమ్మ చుట్టూ చూసింది. పట్టపగలు అయినా గొంతు తగ్గించింది. "మాట తెలీదు సామీ. మూలగతాది. ఒగసారి రా అంటాది. ఒగసారి అమ్మా అంటాది. సామి పిలిస్తే దగ్గిరికి పోకూడదు గదా. సాగిలపడి మొక్కుకుని వచ్చేస్తా ఉండాము."

మూలుగు అన్నది. అమ్మా అన్నది. సునీల్‌కుమార్ వెక్కిరింత కూడా అక్కడితో ఆగిపోయింది. చెంగమ్మను నా కారులో ఎక్కించుకున్నాను. అతను తన బుల్లెట్ మీద మా వెనకే వచ్చాడు.

*

గుట్ట కింద ఎప్పుడో వదిలేసిన క్వారీ అది. లారీలు తిరిగిన బాట మీద తెల్లటి పొడి. మేకలు తప్ప ఏమీ తిరిగే చోటు కాదు. చెంగమ్మ దూరంగానే ఆగిపోయి, చెప్పులు విడిచి, వేలు చూపించింది.

రాయి నా ఎత్తు ఉంది. మనిషి ఒక కాలు ముందుకు వేసి, కత్తి ఎత్తి నిలబడ్డాడు. కాళ్ల దగ్గర రెండు ఆవులు. మొహం మీద ఏళ్ల తరబడి పట్టిన నాచు, సున్నం ఎవరో కొత్తగా కడిగేశారు. ముక్కు అరిగిపోయింది గానీ కళ్లు ఉన్నాయి. ఆ కళ్లు నా మీద ఉన్నాయని అనిపించింది. ముందు టెంకాయ చిప్పలు, ఎండిపోయిన సంగటి ముద్ద, కాకులు పీకిన కోడి కాళ్లు. ఊరు ఊరంతా భయపడి పెట్టిన భోజనం.

రాయి వెనక నాలుగు అడుగుల్లో నేల అయిపోయింది. క్వారీవాళ్లు అక్కడి దాకా తవ్వి, రాయిని అంచు మీద వదిలేసి పోయారు. కింద నిలువుగా గుంత.

మేం ముగ్గురం నిలబడ్డాం. గాలి లేదు. రాయి మాట్లాడింది.

నిజంగానే రాయి మాట్లాడినట్టే ఉంది. గుంత గోడలకు తగిలి వచ్చే గొంతు రాయి వెనక నుంచి, రాయి ఎత్తులోనే వినిపిస్తోంది. "రా," అన్నది. చెంగమ్మ దబ్బున సాగిలపడింది. నేను నమ్మని దాన్ని, నా రెండు చేతులూ నాకు తెలియకుండానే జోడించుకున్నాయి. ఆ తర్వాత నా మీద నాకే కోపం వచ్చి, రాయి చుట్టూ పోయి అంచు మీద బోర్లా పడుకుని కిందికి చూశాను.

సగం లోతులో ఒక అరుగు లాంటి బండ. దాని మీద ఒక మనిషి గోడకు ఆనుకుని పడి ఉన్నాడు. ఒక కాలు వంగకూడని వైపు వంగి ఉంది. పక్కన బండ గుంటలో వాన నీళ్లు. నన్ను చూసి కళ్లు మూసి తెరిచాడు.

"పెంచలయ్యగారూ," అన్నాను.

"మనిషేనా?" అన్నాడు ఆయన. పెదవులు పగిలి ఉన్నాయి. "పిలిస్తే మొక్కుకుని పోతా ఉండారమ్మా. పాలు పోసి పోతా ఉండారు. దిగి రారు."

నాకు ఏడుపొచ్చింది. అంత ఏడుపు నా ఉద్యోగం మొత్తంలో నాకు రాలేదు. వెనక చెంగమ్మకు సంగతి అర్థమై నెత్తి కొట్టుకుంటూ, "అయ్యో, నేను నిన్న కూడా విని పోతినే," అని కూలబడింది. సునీల్‌కుమార్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అతను నాకు క్షమాపణ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. ఫోన్ చూసుకున్నాడు. సిగ్నల్ లేదు.

"పల్లెకు పోయి మోకులు, మనుషులు తెస్తా. ఆణ్నించే నూటెనిమిదికి ఫోన్ చేస్తా. మీరు ఆయన్ని మాట్లాడిస్తా ఉండండి మేడమ్, నిద్రపోనీయొద్దు," అని బుల్లెట్ తీశాడు. చెంగమ్మను వెనక ఎక్కించుకుని పోయాడు.

కారులో ఉన్న పాత చీరకు నీళ్ల సీసా కట్టి దించాను. ఆయన చేతికి అందింది. పక్కన ఒక పెద్ద గుండురాయి ఉంటే దాని మీదికి పాకి ఫోన్ ఎత్తి పట్టుకున్నాను. ఒక్క గీత వచ్చింది.

"లోహితా, మీ నాయన దొరికినాడు. బతికే ఉండాడు."

అవతల ఒక అరుపు. ఆమె ఏదో అంటోంది, "మేడమ్, యాడ," అని వినిపించింది. అంతలో గీత పోయింది. మళ్లీ రాలేదు. పోనీలే, ముఖ్యమైన మాట చెప్పేశాను గదా అనుకుని దిగి వచ్చాను.

అంచు మీద మళ్లీ బోర్లా పడుకున్నాను. "నీళ్లు మెల్లగా తాగండి. మీ లోహితకు చెప్పినాను."

ఆయన సీసా దించేశాడు. "ఏం చెప్పినారు?"

"బతికే ఉండారని."

"ఎవురెవురుండారు ఆమె పక్కన?"

ఆ ప్రశ్న వింతగా ఉంది. మూడు రోజులు గుంతలో పడి ఉన్న మనిషి అడిగే మొదటి ప్రశ్న అది కాదు.

"మీరు ఎట్లా పడినారు?"

"కాలు జారినాను."

"బండి యాడ పెట్టింటిరి?"

"ఈడ్నే. రాయి పక్కన."

"మరి అది కల్లంగడి కాడికి ఎట్లా పోయింది పెంచలయ్యగారూ?"

ఆయనకు ఆ సంగతి తెలియదు. తెలియదని మొహమే చెప్పింది. అది ఎవరి పనో ఆయనకు మెల్లగా తట్టడం ఆ మొహంలోనే కనిపించింది, దానితోబాటు నాకూ తట్టింది.

బండి మంగళవారం రాత్రి కల్లంగడికి చేరింది. ఎందుకు అక్కడికే? పెంచలయ్య కల్లు దగ్గర ఉన్నానని అన్నాడు గనక. ఆ మాట తెలిసినవాడు, దాన్ని తాగే కల్లు అనుకున్నవాడు, మాటకు తగ్గట్టు బండిని తెచ్చి అక్కడ పెట్టాడు. ఈ పల్లెలవాడైతే రాయి అనుకునేవాడు. పోలీసులకు ఆ మాట తెలిసింది బుధవారం మధ్యాహ్నం, అప్పటికే బండి అక్కడ ఉంది. అంతకు ముందు, నేను కాక, లోహిత ఆ మాట చెప్పింది ఒక్కడికి. గూడూరు మనిషికి. రాయిని కల్లు అంటారని ఏ జన్మలోనూ విని ఉండని మనిషికి.

"మీ అల్లుడా?" అని అడిగాను.

ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. నిద్రపోయాడేమోనని భయపడి మళ్లీ పిలిచాను.

"తల్లి లేని బిడ్డ మేడమ్," అన్నాడు. "రేపు నేను కూడా లేకుంటే దానికి రూపేషే గదా దిక్కు."

"ఆయన నెట్టినాడా?"

"నెట్టలేదు. ఒట్టు. ఈ గుట్టను రూపేష్ వాళ్లు లీజుకు తీసుకున్నారంట, మళ్లీ తవ్వాలంట. నేను కల్లుకు బోర్డు పెట్టి, పురావస్తు ఆఫీసుకు ఫొటో పంపిస్తే పని ఆగిపోతాది. సోమవారం సాయంకాలం ఈడికే వచ్చి, వద్దు మామా అని బతిమాలినాడు. నేను వినలేదు. మాటా మాటా పెరిగింది. నేను ఎనక్కి అడుగేసినాను, జారినాను. అంచు పట్టుకుని ఏలాడతా, చెయ్యి ఇయ్యబ్బా అన్నాను."

ఆయన తన చేతివేళ్లు చూసుకున్నాడు.

"నిలబడి సూసినాడు. శానాసేపు సూసినాడు. నా ఏళ్లు జారిపోయేదాకా ఉండి, ఎల్లిపోయినాడు."

ఆ అల్లుడు మూడు రోజులుగా ఆ పిల్ల పక్కనే కూర్చుని కళ్లు తుడుస్తున్నాడు. 'దేవులాడతానే ఉండాడు పాపం' అని ఆమె నాతో అన్నది. నేను ఆ ఇంటికే ఫోన్ చేసి, బతికే ఉన్నాడని చెప్పాను. లేచి మళ్లీ గుండు ఎక్కాను. గీత లేదు. ఫోన్‌ను తిట్టాను, క్వారీని తిట్టాను, నన్ను తిట్టుకున్నాను.

"మేడమ్," కింద నుంచి ఆయన పిలుస్తున్నాడు. "నా బిడ్డకు చెప్పొద్దు. కాలు జారినానని చెప్తాను. మీరూ అదే చెప్పండి. మీకు దండం పెడతా."

"ఆ మొగుడితో ఎట్లా ఉంటాది ఆ పిల్ల? మీకు చెయ్యి ఇయ్యలేదు. రేపు ఆమెకే ఇయ్యకపోతే?"

ఆయన్ని నిద్రపోనీయకుండా ఏదో ఒకటి అడుగుతూ అరగంట గడిపాను.

కారు చప్పుడు వినిపించింది. సునీల్‌కుమార్ మనుషులను తెచ్చాడనుకుని బాట వైపు నడిచాను. తెల్లటి దుమ్ములోంచి వచ్చింది చిన్న కారు. ఆగీ ఆగకముందే లోహిత తలుపు తీసుకుని దూకింది. జుట్టు ఊడిపోయి ఉంది, కాళ్లకు చెప్పులు లేవు. డ్రైవరు సీట్లోంచి రూపేష్ దిగాడు. తెల్లచొక్కా, సన్నగా, బుద్ధిమంతుడిలా ఉన్నాడు. ఆ మొహం చూసి ఎవరూ ఏమీ అనుకోరు.

"యాడ మేడమ్, మా నాయన యాడ?"

గుంత వైపు చూపించాను. ఆమె రాయి పక్క నుంచి పరిగెత్తి, అంచు మీద మోకాళ్ల మీద పడింది. "నాయనా," అన్నది. ఆ ఒక్క మాటలో మూడు రోజులూ ఉన్నాయి.

"ఏం లేదమ్మా," అని కింద నుంచి ఆయన. గొంతు సాఫీగా పెట్టడానికి చాలా కష్టపడుతున్నాడు. "కాలు జారినాది. నా తప్పే. ఎవురూ లేరు ఆ పొద్దు. నేనే జారినాను."

"నేను దిగతా లోహీ, నువ్వు జరుగు," అన్నాడు రూపేష్, చొక్కా చేతులు మడుచుకుంటూ. "మామా, భయపడబాకండి, నేను వస్తా ఉండా."

నేను అతనికి అడ్డం నిలబడ్డాను. అరవై ఏళ్ల మోకాళ్లతో ఎంతసేపు నిలబడగలనో నాకే తెలియదు. అతను నా వైపు చూశాడు. నాకు ఎంత తెలుసో లెక్క వేసుకుంటున్నాడని అర్థమైంది. బాట మీద బుల్లెట్ చప్పుడు ఇంకా లేదు.

"జరగండి మేడమ్," అన్నాడు మెల్లగా.

"మనుషులు వస్తా ఉండారు. వాళ్లే దిగుతారు."

"మామ బాధ పడతా ఉంటే సూస్తా ఊరుకోమంటారా?"

లోహిత తల ఎత్తింది. మొదట నన్ను చూసింది. తర్వాత చుట్టూ చూసింది. క్వారీ బాట, మేకలు, గుట్ట. ఎక్కడా ఒక ఇల్లు లేదు. ఆమె మొహంలో ఏడుపు ఆగిపోయింది.

"మేడమ్, మీరు ఫోన్‌లో యాడుండారో చెప్పలేదు గదా?"

"చెప్పేలోగా కట్టయింది."

"నేను కల్లంగడి కాడికి పొమ్మంటి," అన్నది ఆమె, మొగుడి వైపు తిరిగి. పెద్దగా అనలేదు. "నువ్వు మాట్లాడకుండా ఈ పక్క తిప్పినావు. యాడా బండి ఆపలేదు. ఒక్కరినీ అడగలేదు రూపేష్."

అతను ఏదో చెప్పబోయాడు. ఎవరో చెప్పారన్నాడు, క్వారీ తెలిసిన చోటే అన్నాడు, మాట మధ్యలో ఆగిపోయాడు.

"కాలు జారినాదమ్మా," అని గుంతలోంచి తండ్రి మళ్లీ అన్నాడు. "నమ్ము తల్లీ, కాలే జారినాది."

లోహిత ఆ మాట విననట్టే ఉంది. అంచు మీద నుంచి కదలకుండా, కిందికి ఒక చెయ్యి చాపి, మొగుడి మీద నుంచి చూపు తీయకుండా నాతో అన్నది.

"ఆయన్ని గుంత కాడికి రానీయొద్దు మేడమ్."